యూరిక్ యాసిడ్, గట్టిపడే రక్తనాళాలు: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలు రిపోర్టు చేతపట్టుకొని అడిగే ప్రశ్నలివి. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరు ఒడియాలో చెబుతారు, ఇంటికొచ్చి తెలుగులో అర్థం చేసుకోవాలి. ఈ మూడు భాషల మధ్య జారిపోయే సంగతులు ఇక్కడ పెట్టాం. మీ మందులు మార్చడానికి, మానడానికి మాత్రం మీ డాక్టరు మాటే ఆధారం.

రిపోర్టులో యూరిక్ యాసిడ్ 7.8 అని ఉంది. ఎంత ఉండాలి?

చాలా ల్యాబుల్లో మగవాళ్లకు 3.5 నుంచి 7.2 వరకు, ఆడవాళ్లకు 2.6 నుంచి 6.0 వరకు మామూలు అని రాస్తారు. ఇది డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములన్న లెక్క. ల్యాబును బట్టి అటూఇటూ కాస్త తేడా ఉంటుంది. అయితే ఒంట్లో నిజంగా అర్థమున్న అంకె 6.8. నీళ్లలో ఉప్పు వేస్తూ పోతే ఒక దశ దాటాక కరగకుండా అడుగున మిగిలిపోయినట్టు, 6.8 దాటాక యూరిక్ యాసిడ్ సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకొనే వీలుంది. ఆ స్ఫటికాలు కీళ్లలో చేరి రేపే వాపు, నొప్పినే గౌట్ అంటారు. ఒంట్లో చల్లగా ఉండే చోటు కాలి వేళ్లు కాబట్టి గౌట్ తరచుగా కాలి బొటనవేలి దగ్గరే మొదలవుతుంది.

ఆడవాళ్లకు హద్దు తక్కువగా రాయడానికి కారణం ఈస్ట్రోజెన్. అది యూరిక్ యాసిడ్‌ను మూత్రంలోకి తోసేస్తుంది. ముట్లు ఆగిపోయాక ఆ వెసులుబాటు పోతుంది, అంకె మెల్లగా మగవాళ్ల అంకెను అందుకుంటుంది.

రిపోర్టులో 464 లాంటి పెద్ద అంకె కనిపిస్తే కంగారు పడొద్దు, అది మైక్రోమోల్ కొలత. దాన్ని 59.5తో భాగిస్తే మామూలు లెక్క వస్తుంది. 464 అంటే 7.8.

అంకె ఎక్కువుంటే గౌట్ వచ్చి తీరుతుందా?

లేదు. 9 దాటినవాళ్లలో కూడా అయిదేళ్లలో గౌట్ వచ్చేది సుమారు అయిదుగురిలో ఒకరికే. మిగతావాళ్లు అంకె ఎక్కువున్నా నొప్పి ఎరగకుండా ఉంటారు.

ఇది తిండి వల్ల వచ్చేదేనా? మా ఆయన మాంసం మానేసినా తగ్గలేదు.

తిండి వాటా అందరూ అనుకొనేదానికంటే చిన్నది. మన కణాలు రోజూ చచ్చి కొత్తవి పుడుతుంటాయి. చచ్చిన కణాల్లో, మనం తినే తిండిలో ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలు విరిగితే మిగిలేది యూరిక్ యాసిడ్. రోజులో తయారయ్యేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు ఒంట్లోంచే వస్తుంది, తిండి నుంచి వచ్చేది మూడో వంతు. బయటికి పోయే దారి చూస్తే మూడింట రెండు వంతులు కిడ్నీల ద్వారా, మిగతాది పేగుల ద్వారా పోతుంది.

అంకె పెరిగిన ఎక్కువమందిలో తప్పు వంటింట్లో ఉండదు, కిడ్నీ దగ్గర ఉంటుంది. తయారీ మామూలే, పారబోత తక్కువ. కిడ్నీ అలా పట్టి ఉంచడానికి వంశం కొంత, ఊబకాయం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, కొన్ని బీపీ మందులు, కిడ్నీ జబ్బు, నీళ్లు తక్కువ తాగడం కారణాలు. మాంసం పూర్తిగా మానినా చాలామందిలో అంకె మహా అయితే 1 మేరకే తగ్గుతుంది. మీ ఆయన మానడం దండగ కాదు, కానీ మానినా తగ్గలేదంటే ఆయన దొంగచాటుగా తింటున్నాడని అనుమానించకండి.

రక్తనాళాలు గట్టిపడటం అంటే ఏం జరుగుతుంది?

పైపులో పాచి పట్టడంతో పోలుస్తారు గానీ ఆ పోలిక కొంచెం దారి తప్పిస్తుంది. కొవ్వు పేరుకొనేది నాళం లోపలి ఉపరితలం మీద కాదు, గోడ లోపలి పొరలో. బీపీ, పొగ, సుగర్ వల్ల నాళం లోపలి సున్నిత పొర దెబ్బతింటుంది. అక్కడి నుంచి ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ గోడలోకి దూరి పాడవుతుంది. దాన్ని మింగడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, మింగి మింగి నురగ కణాలుగా ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి. వాటి చుట్టూ నారలాంటి కణజాలం అల్లుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ కాల్షియం చేరుతుంది. అలా ఏర్పడిన గడ్డ పైపొర పగిలితే దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెలో జరిగితే గుండెపోటు, మెదడులో జరిగితే పక్షవాతం.

అందుకే "నాకు 40 శాతం బ్లాకే కదా" అన్న ధీమా పనికిరాదు. చిన్న గడ్డ పగిలినా నిమిషాల్లో నూరు శాతం మూసుకుపోవచ్చు.

దీన్ని అథెరోస్క్లెరోసిస్ అంటారు. సుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో నాళం మధ్య పొరలోకి కాల్షియం ఎక్కే ఇంకో రకం గట్టిపాటు కూడా ఉంటుంది. వయసుతో నాళాలు సాగే గుణం కోల్పోవడం మూడోది. ఒకే మనిషిలో మూడూ కలిసి ఉండొచ్చు.

అసలు ప్రశ్న: యూరిక్ యాసిడే రక్తనాళాలను గట్టిపరుస్తుందా?

ప్రయోగశాలలో చూస్తే గట్టిపరుస్తుందనే అనిపిస్తుంది. రక్తంలో తేలుతున్నప్పుడు యూరిక్ యాసిడ్ మంచి యాంటీ ఆక్సిడెంటే. కణం లోపలికి వెళ్లాక మాత్రం అదే ఎదురు తిరుగుతుంది. నాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తుంది, బీపీ పెంచే రెనిన్ వ్యవస్థను లేపుతుంది. స్ఫటికాలైతే నేరుగా వాపు రేపుతాయి. యూరిక్ యాసిడ్‌ను తయారుచేసే గ్జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పని చేస్తూ చేస్తూ నాళాలకు హాని చేసే ఆక్సిజన్ రేణువుల్ని కూడా వదులుతుంది.

జనంలో చూసినా ఈ అంకె ఎక్కువున్నవాళ్లకు బీపీ, గుండె జబ్బు, పక్షవాతం ఎక్కువే. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ మనుషులకే పొట్ట, సుగర్, కిడ్నీ నీరసం కూడా ఉంటాయి. నేరం ఎవరిదో తేల్చాలి. 1999లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు మిగతా కారణాలన్నీ లెక్క తీసేసి చూస్తే గుండె జబ్బుకు యూరిక్ యాసిడ్ స్వయంగా కారణమని తేలలేదు. పుట్టుకతోనే యూరిక్ యాసిడ్ ఎక్కువుండే జన్యువులున్నవాళ్ల మీద జరిగిన పరిశీలనలు కూడా మొత్తమ్మీద అటే మొగ్గాయి.

ఆఖరి పరీక్ష మందు ఇచ్చి చూడటం. బ్రిటన్‌లో ఆల్-హార్ట్ అనే ప్రయోగం చేశారు, ఫలితం 2022లో వచ్చింది. గుండె నాళాల జబ్బు ఉండి, గౌట్ లేని 60 ఏళ్లు దాటిన 5,721 మంది అందులో ఉన్నారు. కొందరికి యూరిక్ యాసిడ్ దించే అల్లోప్యూరినాల్ రోజుకు 600 మిల్లీగ్రాముల దాకా ఇచ్చారు, మిగతావాళ్లకు మామూలు వైద్యమే. సగటున దాదాపు అయిదేళ్లు చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి మందు తిన్నవాళ్లలో 11.0 శాతం, తిననివాళ్లలో 11.3 శాతం. తేడా లేనట్టే. కిడ్నీ జబ్బు ముదరకుండా ఆపుతుందేమోనని చేసిన రెండు ప్రయోగాల ఫలితాలు 2020లో వచ్చాయి, వాటిలోనూ లాభం కనపడలేదు.

మా అంచనా ఇది: గౌట్ లేనివాళ్లలో ఈ అంకెను మందుతో దించితే గుండె నాళాలు బాగుపడతాయని చెప్పడానికి ఇప్పటికి ఆధారం లేదు. పొగ కనపడితే నిప్పు వెతకాలి, పొగను విసిరితే నిప్పు ఆరదు.

అయితే ఈ అంకెను వదిలేయొచ్చా?

వదిలేయకూడదు. దాన్ని పట్టుకొని ఇంకెక్కడికి చూడాలో అక్కడికి చూడాలి. 7 దాటిన ప్రతివాళ్లూ ఒక్కసారి చేయించుకోవాల్సినవి ఇవి:

బీపీ. అయిదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, రెండుసార్లు కొలవాలి. అంతకు అరగంట ముందు టీ, ఖైనీ, చుట్ట ఉండకూడదు.

క్రియాటినిన్ (కండ నుంచి వచ్చి కిడ్నీ బయటికి పంపే వ్యర్థం), దాంతోపాటు ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) లెక్క. సన్నగా, కండ తక్కువగా ఉన్నవాళ్లలో క్రియాటినిన్ 1.2 ఉన్నా కిడ్నీ పని బాగా తగ్గి ఉండొచ్చు, కాబట్టి ఒట్టి క్రియాటినిన్ చూసి "నార్మల్" అనుకోవద్దు. ఈజీఎఫ్‌ఆర్ మూడు నెలలకు పైగా 60 కింద ఉంటే కిడ్నీ జబ్బే.

మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను. ఇది చాలామంది మరిచిపోయే పరీక్ష, కిడ్నీ గురించీ రక్తనాళాల గురించీ ఒకేసారి చెప్పే పరీక్ష.

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు సుగర్), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల లెక్క).

ముప్ఫై దాటినవాళ్లకు బీపీ, సుగర్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే చూస్తారు.

గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్లు కిడ్నీ పరీక్ష అస్సలు దాటవేయొద్దని గట్టిగా చెప్పడానికి కారణముంది. సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానంలో కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. బీపీ, సుగర్ లేని రైతుకూలీల్లో కూడా వస్తుంది. అటువైపు పుట్టిళ్లు, అత్తిళ్లు, పొలాలు ఉన్నవాళ్లు ఇటు ఎందరో. అలాంటి ఇంట్లో యూరిక్ యాసిడ్ 8 కనపడితే "మాంసం ఎక్కువ తిన్నావు" అని తీర్పు చెప్పేముందు క్రియాటినిన్ చూడాలి. కిడ్నీ మందగించినందుకే ఆ అంకె పెరిగి ఉండొచ్చు.

పరీక్ష ఎప్పుడు చేయించుకుంటే సరైన అంకె వస్తుంది?

గౌట్ నొప్పి మండుతున్నప్పుడు కాదు. ఆ సమయంలో అంకె మామూలుగా కూడా రావచ్చు, "గౌట్ కాదు" అని పొరబడతారు. నొప్పి తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి. ముందురోజు మద్యం, గట్టి కాయకష్టం, రోజంతా ఉపవాసం ఉంటే అంకె పెరుగుతుంది. విటమిన్ సి బిళ్లలు ఎక్కువ మోతాదులో వాడుతుంటే తగ్గుతుంది, ల్యాబులో చెప్పండి. ఒక్క రిపోర్టుతో నిర్ణయం తీసుకోవద్దు, కొన్ని వారాల తేడాతో రెండోది చేయించండి.

ఎండ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. వైశాఖ జ్యేష్ఠాల్లో హుమ్మా ఉప్పు మడుల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసి చెమటోడ్చినవాళ్లకు, సూరత్ మగ్గాల షెడ్లలో పన్నెండేసి గంటలు నిలబడి వచ్చినవాళ్లకు ఒళ్లు ఎండిపోయి అంకె తాత్కాలికంగా ఎగబాకుతుంది. నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండి, సరిగ్గా నీళ్లు తాగాక చూసుకోండి.

పప్పు మానేయమన్నారు. నిజమేనా?

ఇది మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసే సలహా. కందిపప్పు, పెసరపప్పు, పాలకూర, పుట్టగొడుగుల్లో ప్యూరిన్లు ఉన్నమాట నిజం. కానీ అమెరికాలో వేలమంది మగవాళ్లను పన్నెండేళ్లు గమనించి 2004లో ప్రచురించిన పరిశోధనలో కూరగాయల, పప్పుల ప్యూరిన్ల వల్ల గౌట్ పెరగలేదు. మాంసం, సముద్రపు చేపల వల్ల పెరిగింది, పాల వల్ల తగ్గింది. పప్పు మానినవాళ్లు ఆ ఖాళీని అన్నంతో నింపుతారు, సుగర్ పెరుగుతుంది. దాల్మా నిర్భయంగా తినండి. టమాటా కూడా మానక్కర్లేదు.

మరి మానాల్సినవేమిటి?

ముందు వరసలో కార్జం, మెదడు, గుండెకాయ, బోటి. వీటిని వారానికోసారి కాదు, గౌట్ ఉన్నవాళ్లు మానేయడమే మేలు. తర్వాత కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు, రొయ్యలు. చిలికా రొయ్యలు ఎదురుగా పెట్టుకొని తినొద్దంటే ఎవరూ వినరని తెలుసు. వారానికి ఒకటి రెండుసార్లు, ఒక పూట వంద గ్రాములకు మించకుండా, పులుసు తక్కువ పోసుకొని తినండి. ప్యూరిన్లు నీళ్లలోకి దిగుతాయి కాబట్టి ముక్కలోనే కాక ఉడికిన రసంలోనూ అవి గట్టిగానే ఉంటాయి. పాయా రోజూ తాగడం అందుకే వద్దు.

ఎండుచేపది రెండంచుల కత్తి. నీరు పోయి చిక్కబడింది కాబట్టి గ్రాముకు ప్యూరిన్లు ఎక్కువ, పైగా ఉప్పు. యూరిక్ యాసిడ్ సంగతి అటుంచి, బీపీ ఉన్నవాళ్లకు రక్తనాళాల లెక్కన ఎండుచేప ఉప్పే పెద్ద నష్టం. పఖాళలో, చద్దన్నంలో తప్పు లేదు. దానిలోకి నంజుకొనే ఎండుచేప, ఆవకాయ, పైన చల్లుకొనే ఉప్పు చూసుకోండి. రోజుకు అన్నిటితో కలిపి ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు.

అందరూ పట్టించుకోకుండా వదిలేసేది తీపి నీళ్ల సంగతి. చల్లటి కూల్‌డ్రింకు, సీసాలో పళ్లరసం. వాటిలోని ఫ్రక్టోజు అనే చక్కెరను కాలేయం విరగ్గొట్టేటప్పుడు శక్తి నిల్వ ఖర్చయి, యూరిక్ యాసిడ్ నిమిషాల్లో పెరుగుతుంది. అదే ఫ్రక్టోజు కాలేయంలో కొవ్వుగా మారి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును పెంచుతుంది. ఇటు కీలుకీ అటు నాళానికీ ఒకేసారి చెరుపు చేసేది ఇదే. చోడి అంబలి, మజ్జిగ, పంచదార లేని కాఫీ మంచివి. పండు కొరికి తింటే ఇబ్బంది లేదు.

జీలుగు కల్లు చెట్టు నుంచి వచ్చిందే కదా, దానివల్ల కూడానా?

దానివల్ల కూడా. ఒడియాలో సాలపో అనే జీలుగు కల్లు, తాటికల్లు, బియ్యంతో చేసే హండియా వడగట్టని పులిసిన పానీయాలు. ఆల్కహాలు కిడ్నీ పారబోతను తగ్గిస్తుంది, కల్లులోని తీపి యూరిక్ యాసిడ్ తయారీని పెంచుతుంది, తేలియాడే ఈస్టులో ప్యూరిన్లు ఉంటాయి. ఇప్పసారాలో ఈస్టు ఉండదు గానీ ఆల్కహాలు ఎక్కువ. బీరు అన్నిటికంటే చెడ్డదని పేరు, న్యాయంగానే. పండగనాడు తాగి, నీళ్లు మరిచిపోయి, మర్నాడు తెల్లారుజామున బొటనవేలు దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత మండటం గౌట్ అసలు ముఖం.

నీళ్లు ఎన్ని తాగాలి? సోడా ఉప్పు, నిమ్మరసం, కొండపిండి ఆకు పనిచేస్తాయా?

మూత్రం లేత పసుపులో ఉండేటంత, ఎక్కువమందికి రోజుకు రెండు, రెండున్నర లీటర్లు. ఎండలో పని చేసేవాళ్లకు ఇంకా కావాలి. గుండె నీరసంతో కాళ్లు వాచినవాళ్లు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

వంటసోడా వద్దు. ఒక చెంచాలో దాదాపు 1,260 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, బీపీకి అది చాలు. యూరిక్ యాసిడ్ రాళ్లున్నవాళ్లకు మూత్రంలో పులుపు తగ్గించాలంటే డాక్టర్లు పొటాషియం సిట్రేట్ వాడతారు, అదీ రక్తంలో పొటాషియం చూసుకుంటూ. నిమ్మరసం తాగండి, ఉప్పు పంచదార లేకుండా, కానీ అది మందు కాదు. కొండపిండి, నల్లేరు, తిప్పతీగ యూరిక్ యాసిడ్‌ను నమ్మకంగా దించుతాయని ఆధారాలు లేవు. సంతలో పేరూ ఊరూ లేకుండా అమ్మే "కీళ్లవాతం పొడి" రెండు రోజుల్లో మంత్రంలా పనిచేస్తే దానిలో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించండి.

బొటనవేలు వాచి కాలు కింద పెట్టలేకపోతున్నాం. ఇప్పుడేం చేయాలి?

కాలు ఎత్తులో పెట్టి, బట్టలో చుట్టిన మంచుగడ్డ పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. వేడి కాపడం, మాలీషు వద్దు. మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది, మొదటి రోజే. డాక్టరు మూడు దారుల్లో ఒకటి ఎంచుతారు. కోల్చిసిన్ అయితే మామూలుగా 1 మిల్లీగ్రాము, గంట తర్వాత 0.5. కిడ్నీ తగ్గినవాళ్లకు ఇంకా తక్కువ. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతుంటే దీన్ని వేయకూడదు. రెండోది కొద్దిరోజుల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్, దీనితో సుగర్ పెరుగుతుంది. మూడోది నొప్పి బిళ్లలు, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ జాతివి.

ఈ మూడోదాని దగ్గరే ప్రమాదం. మందుల దుకాణంలో చేతిలో పెట్టే రంగురంగుల బిళ్లల పొట్లంలో నొప్పి బిళ్ల, స్టెరాయిడ్ రెండూ ఉండొచ్చు. నొప్పి బిళ్ల కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది, ఎక్కువకాలం వాడితే గుండెపోటు ముప్పు పెంచుతుంది. దెబ్బతిన్న కిడ్నీ యూరిక్ యాసిడ్‌ను ఇంకా పట్టి ఉంచుతుంది, మళ్లీ గౌట్, మళ్లీ పొట్లం. బీపీ బిళ్ల, నీళ్ల బిళ్ల (మూత్రం ఎక్కువ పోయించేది) వాడేవాళ్లు నొప్పి బిళ్లను సొంతంగా కలపడం మరీ చెడ్డది.

జ్వరం, చలి, కీలు ఎర్రగా ఉబ్బి ఒళ్లు తూలుతుంటే అది గౌట్ కాక కీలులో చీము కావచ్చు. ఇంట్లో ఉండకండి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. రెంటికీ తేడా కచ్చితంగా తెలిసేది సూదితో కీలు నీరు తీసి చూస్తేనే.

గౌట్ వచ్చిన తర్వాత గుండెపోటు వస్తుందని విన్నాం.

ముప్పు కొన్నాళ్లు పెరుగుతుంది. బ్రిటన్ రోగుల రికార్డుల మీద 2022లో వచ్చిన పరిశోధనలో, గుండెపోటు లేదా పక్షవాతం వచ్చిన గౌట్ రోగులకు దానికి ముందు 60 రోజుల్లో గౌట్ లేచి ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే దాదాపు రెట్టింపు. కీలులో లేచిన వాపు రక్తమంతా పాకి, నాళంలోని గడ్డను రేపుతుందని అనుమానం. దీనికి తోడుగా ఒక విచిత్రం: యూరిక్ యాసిడ్‌ను ఒక్క చుక్క కూడా దించని కోల్చిసిన్, వాపును మాత్రమే తగ్గించేది, రోజుకు 0.5 మిల్లీగ్రాము ఇస్తే పాత గుండె రోగుల్లో గుండెపోట్లు తగ్గాయని 2020 ప్రయోగంలో తేలింది. 2024లో తాజా గుండెపోటు రోగుల మీద చేసిన పెద్ద ప్రయోగంలో ఆ లాభం రాలేదు. కాబట్టి సొంతంగా మొదలుపెట్టేది కాదు.

యూరిక్ యాసిడ్ దించే మందు ఎవరికి కావాలి?

ఏడాదిలో రెండు లేక అంతకంటే ఎక్కువసార్లు గౌట్ లేచినవాళ్లకు, చర్మం కింద సుద్దముద్దల్లాంటి గడ్డలున్నవాళ్లకు, కీళ్లు అరిగినట్టు ఎక్స్‌రేలో కనపడినవాళ్లకు. ఒక్కసారే లేచినా కిడ్నీ జబ్బు, రాళ్లు, అంకె 9 పైన ఉంటే ఇవ్వొచ్చు. గౌట్ ఎప్పుడూ లేకుండా రిపోర్టులో 7.8 ఉన్నంత మాత్రాన మందు వద్దని 2020 నాటి అమెరికా కీళ్ల వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. జపాన్‌లో కొంచెం ముందే మొదలుపెడతారు. మన వైపు 7.5 చూడగానే యూరిక్ యాసిడ్ దించే ఫెబుక్సోస్టాట్ రాసేయడం అలవాటైపోయింది. "ఎందుకు, ఎంతకాలం?" అని అడగడం మర్యాద తప్పడం కాదు.

మొదలుపెడితే లక్ష్యం 6 లోపు, గడ్డలుంటే 5 లోపు. అల్లోప్యూరినాల్ 100 మిల్లీగ్రాములతో మొదలు, కిడ్నీ జబ్బుంటే 50తో. రెండు నుంచి అయిదు వారాలకోసారి అంకె చూసి కొంచెం కొంచెం పెంచుతారు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు గౌట్ ఇంకా ఎక్కువ లేవొచ్చు, పాత స్ఫటికాలు కరుగుతున్నాయి కనుక. దానికి తోడుగా చిన్న మోతాదు కోల్చిసిన్ ఇస్తారు. "మందు వేసుకున్నాకే నొప్పి పెరిగింది" అని మానేసేవాళ్లు ఇక్కడే మానేస్తారు. మానొద్దు. కానీ మొదటి రెండు నెలల్లో ఒంటిమీద దద్దురు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే ఆ రోజే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. అరుదైనా ప్రాణం తీసే అలర్జీ అది. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ వాడేవాళ్లకు అల్లోప్యూరినాల్ కలపకూడదు.

గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఫెబుక్సోస్టాట్ మీద వాదన ఉంది. 2018 ప్రయోగంలో గుండె మరణాలు అల్లోప్యూరినాల్ కంటే ఎక్కువ కనపడ్డాయి, 2019లో అమెరికా మందుపెట్టెల మీద హెచ్చరిక వేయించింది. 2020లో ఐరోపా ప్రయోగంలో తేడా లేదు. గుండెపోటు చరిత్ర ఉంటే ముందు అల్లోప్యూరినాల్ ప్రయత్నించడమే మాకు సబబుగా తోస్తుంది.

బీపీ బిళ్ల, ఆస్పిరిన్ వల్ల అంకె పెరుగుతుందట. మానేయమంటారా?

మానొద్దు. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ లాంటి నీళ్ల బిళ్లలు, 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ కూడా అంకెను పెంచుతాయి. స్టెంట్ వేసినవాళ్లు ఆస్పిరిన్ మానితే స్టెంటులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. ఆ నష్టం ముందు 0.5 యూరిక్ యాసిడ్ ఎంత? గౌట్ పదేపదే లేస్తుంటే బీపీ మందు మార్చవచ్చేమో అడగండి. లోసార్టాన్ అనే బీపీ మందు యూరిక్ యాసిడ్‌ను కొంచెం దించుతుంది, ఆ జాతిలో ఆ గుణం ముఖ్యంగా దానికే ఉంది. సుగర్ ఉన్నవాళ్లకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే సుగర్ మందులు అంకెనూ దించుతాయి, గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తాయి.

మా అబ్బాయి టీబీ మందులు వాడుతున్నాడు. కీళ్ల నొప్పులు, యూరిక్ యాసిడ్ 10.

పైరజినమైడ్ అనే టీబీ మందు పని అది. మొదటి రెండు నెలల మందుల్లో ఉంటుంది, ఆపేశాక అంకె దానంతట అదే దిగుతుంది. నొప్పికి మందు ఇస్తారు. టీబీ మందులు మాత్రం ఒక్కరోజు కూడా సొంతంగా ఆపొద్దు.

ఇంట్లో సికిల్ సెల్ ఉన్న పిల్ల ఉంది. ఆమెకు కూడా ఎక్కువే.

కొరాపుట్, రాయగడ, మల్కనగిరి వైపు ఇది అరుదు కాదు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బులో ఎర్ర కణాలు కొడవలిలా వంగి త్వరత్వరగా చస్తాయి, వాటిని భర్తీ చేయడానికి ఎముక మజ్జ వేగంగా పనిచేస్తుంది. ఆ తిరుగుడులో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. కిడ్నీ కూడా దెబ్బతింటుంటే ఇంకా పెరుగుతుంది. ఒళ్లు నొప్పులు వస్తే గౌట్ అని పేరు పెట్టి పొట్లం మందు వేయొద్దు, అది సికిల్ నొప్పి కావడమే ఎక్కువ. ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నా నాళాలు గట్టిపడ్డాయో లేదో ఎలా తెలుస్తుంది?

నడుస్తుంటే పిక్క పట్టేసి, నిలబడగానే వదిలేస్తోందా? అయితే చవకైన పరీక్ష చీలమండ, చేతి బీపీల నిష్పత్తి. పది నిమిషాలు పడుకోబెట్టి, రక్తం పారే శబ్దం వినిపించే చిన్న డాప్లర్ పరికరం సాయంతో చేతుల్లోను, చీలమండల దగ్గరా పై అంకె బీపీ తీస్తారు. కాలి అంకెను చేతుల్లో ఎక్కువ వచ్చిన అంకెతో భాగిస్తారు. కాలిలో 108, చేతిలో 144 అయితే 0.75. 1.0 నుంచి 1.4 మామూలు, 0.9 లేక అంతకన్నా తక్కువైతే కాలి నాళం ఇరుకు. 1.4 దాటితే బాగుందని కాదు, నాళం సున్నపు గొట్టంలా గట్టిపడి పట్టీకి నొక్కుకోవడం లేదని. సుగర్, కిడ్నీ రోగుల్లో ఇది మోసం చేస్తుంది.

గుండె నాళాల కాల్షియం స్కోరు సీటీతో తీస్తారు. సున్నా అయితే రాబోయే కొన్నేళ్లకు ముప్పు తక్కువ, 100 దాటితే కొలెస్ట్రాల్ దించే స్టాటిన్ గురించి గట్టిగా మాట్లాడాలి, 400 దాటితే భారం బాగా ఉన్నట్టు. ఛాతీ నొప్పి ఇప్పుడే ఉన్నవాళ్లకు ఇది పరీక్ష కాదు.

నాళాలకు నిజంగా ఏది పనిచేస్తుంది?

ఎల్‌డీఎల్ దించడం, బీపీ 130/80 లోపు ఉంచడం, పొగాకు వదలడం, సుగర్ అదుపు, నడక. గుండెపోటు వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ 70 లోపు, వీలైతే 55 లోపు. స్టాటిన్‌తో కోల్చిసిన్ కలిపి వాడుతూ కిడ్నీ తగ్గినవాళ్లు తొడల్లో నొప్పి, బలహీనత వస్తే చెప్పాలి. బరువు నెలకు రెండు కిలోల చొప్పున తగ్గించండి. ఒక్కసారిగా కడుపు మాడ్చుకుంటే యూరిక్ యాసిడ్ పెరిగి గౌట్ లేస్తుంది.

పొగాకు అంటే బీడీ ఒక్కటే కాదు. శ్రీకాకుళం, గంజాం వైపు పెద్దావిడలు నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డచుట్ట నోటి కాన్సరుకే కాక నాళాలకూ చేటే. పళ్లు తోముకొనే గుడాకు, ఖైనీ, గుట్కా కూడా పొగాకే. మామ్మకు యూరిక్ యాసిడ్ 6.4 అని బెంగపడుతూ, నోట్లో చుట్టను పట్టించుకోని ఇళ్లు చాలా ఉన్నాయి.

రాత్రిపూట ఛాతీలో బరువు పట్టేస్తే, దూరపు ఊళ్లో ఏం చేయాలి?

గ్యాసు అనుకొని సోడా తాగించి తెల్లారేదాకా ఆగొద్దు. బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, సుగరున్నవాళ్లలో ఒట్టి ఆయాసం, ఏదైనా పది నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి. మాట తడబడటం, మూతి వంకర, చెయ్యి పడిపోవడం లేకపోతే, ఆస్పిరిన్ అలర్జీ, రక్తవాంతుల చరిత్ర లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించి మింగించాలి. 75వి అయితే నాలుగు. మనిషిని నడిపించొద్దు. దగ్గర్లో ఈసీజీ తీసి గడ్డ కరిగించే ఇంజెక్షను ఇవ్వగలిగే ఆసుపత్రి ఏదో, ఆంజియోప్లాస్టీ చేసేది బరంపురంలోనా విశాఖలోనా ఏది దగ్గరో ముందే కనుక్కొని ఫోను నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి. కరిగించే మందు పన్నెండు గంటల లోపు పనికొస్తుంది, మొదటి రెండు మూడు గంటల్లో పడితే దాని ఫలితమే వేరు. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల అట్టలు ఒక సంచిలో వేసి తలుపు దగ్గర మేకుకు తగిలించండి. అంబులెన్సు వచ్చాక వెతుక్కోవడానికి సమయం ఉండదు.